ఎదుట ఎవరున్నారో వాళ్లకే చెప్పండి

నలుగురిలో మాట్లాడాలంటే గుండె దడదడలాడుతుందని చెప్పేవాళ్లలో చాలామంది ఇంట్లో, పొలం గట్టు మీద, బండల పాలిషింగ్ యూనిట్ దగ్గర గలగలా మాట్లాడేవాళ్లే. తాండూరు మార్కెట్ యార్డులో కందుల ధర కోసం వ్యాపారితో గట్టిగా బేరమాడే రైతు, తన ఊరి గ్రామసభలో లేచి రెండు ముక్కలు చెప్పడానికి వెనకాడతాడు. క్లాసులో పక్కవాళ్లకు పాఠం విడమరిచి చెప్పే అమ్మాయి, వికారాబాద్‌లో కాలేజీ వార్షికోత్సవం రోజు స్టేజీ మెట్లెక్కగానే మాట మరిచిపోతుంది.

నోరు లేక కాదు. బేరమాడేటప్పుడు ఆ రైతుకు రెండు సంగతులు స్పష్టంగా తెలుసు: ఎవరితో మాట్లాడుతున్నాడో, ఆ మనిషి చేత ఏం చేయించాలో. సభలో ఈ రెండూ చెదిరిపోతాయి. ఎదురుగా వంద ముఖాలు కనిపిస్తాయి, ఎవరికి చెప్పాలో తోచదు. అందుకే మాట గాల్లోకి పోతుంది. ఈ అధ్యాయంలో నేర్చుకోబోయేది ఒక్కటే: మాటలు వెతుక్కోవడానికి ముందు, ఆ మాటలు ఎవరి కోసమో తేల్చుకోవడం. అది తేలితే సగం భయం పోతుంది, మిగతా సగం సాధనతో పోతుంది.

మూడు ప్రశ్నలు

ఏ సభకు వెళ్లేముందైనా ఒక కాగితం మీద ఈ మూడింటికి జవాబు రాసుకోండి.

ఒకటి: ఈ సభలో నా మాట విని పని చేయగలిగినవాళ్లు ఎవరు?
రెండు: ఈ విషయం గురించి వాళ్లకు ఇప్పటికే ఎంత తెలుసు?
మూడు: నేను కూర్చున్నాక వాళ్లు ఏం చేయాలి?

మూడో ప్రశ్నకు ఒక్క వాక్యంలో జవాబు రాయలేకపోతే మీరింకా మాట్లాడటానికి సిద్ధంగా లేరు. "మా సమస్యలు చెప్పాలి" అనేది జవాబు కాదు. "మా వాడకట్టు బోరుకు మోటారు ఈ నెలలోనే వేయిస్తామని సెక్రటరీ రాసుకోవాలి" అనేది జవాబు.

ఒకే కంది, మూడు సభలు

ఈ ప్రాంతంలో అందరికీ తెలిసిన విషయంతోనే సాధన చేద్దాం. తాండూరు కందికి 2022 డిసెంబరులో భౌగోళిక గుర్తింపు, అంటే జీఐ ట్యాగ్, వచ్చింది. వర్షాధారంగా పండే పంట. ఇక్కడి లోతైన నల్లరేగడిలో ఉండే అట్టపుల్గైట్ అనే బంకమట్టి ఖనిజం, నేల అడుగున విస్తారంగా ఉన్న సున్నపురాయి ఈ పప్పుకు ప్రత్యేక గుణం ఇస్తాయని గుర్తింపు వచ్చినప్పుడు చెప్పారు. మాంసకృత్తులు 22 నుంచి 24 శాతం వరకు ఉంటాయి.

మీకు ఇవన్నీ తెలుసనుకుందాం. ఇక మూడు చోట్ల మాట్లాడాలి.

మొదటిది యాలాల మండలంలో ఒక బడి. వినేది ఏడో తరగతి పిల్లలు. అక్కడ అట్టపుల్గైట్‌తో మొదలుపెడితే మొదటి నిమిషంలోనే పిల్లలు కిటికీలోంచి బయటికి చూస్తారు. ఇలా మొదలుపెట్టండి: "పొద్దున మీ ఇంట్ల పప్పు తిన్నోళ్లు చేతులెత్తండి. ఆ పప్పు ఏ ఊరి చేన్ల పండిందో ఎంతమందికి తెలుసు?" చేతులు లేచాయంటే వాళ్లు మీతో ఉన్నట్టే. అప్పుడు మట్టి గురించి చెప్పండి. చివర్లో ఒక పని అప్పజెప్పండి: "ఇంటికి పోయినంక మన నల్లరేగడి ఒక పిడికెడు తీసి నానబెట్టి, ఎట్ల ఉబ్బుతదో చూసి రేపు మీ సారుకు చెప్పాలె." కూర్చునేలోపు వాళ్లు ఏం చేయాలో మీరు చెప్పేశారు.

రెండోది హైదరాబాద్‌లో ఒక ప్రదర్శన. ఎదుట ఉన్నది పప్పు కొనేవాళ్లు. వాళ్లకు మీ ఊరి చరిత్ర అక్కర్లేదు, ఇది అసలైన తాండూరు పప్పేనని నమ్మకం కావాలి. "ఈ సంచి మీద జీఐ గుర్తు చూడండి. తాండూరు ప్రాంతంలో పండనిదానికి ఈ పేరు వాడటానికి వీల్లేదు. ఒక కిలో తీసుకెళ్లి వండి చూడండి. నచ్చితే ఈ కాగితం మీద నంబరుకు ఫోన్ చేయండి." నాలుగు వాక్యాలు చాలు. మాంసకృత్తుల లెక్క ఎవరైనా అడిగితే చెప్పండి.

మూడోది బ్యాంకు వాళ్లు, వ్యవసాయ అధికారులు కూర్చున్న సమావేశం. వాళ్లకు జీఐ గురించి తెలుసు. తెలియనిది మీ లెక్క. మీ సంఘంలో ఎంతమంది రైతులున్నారు, ఎన్ని ఎకరాలు, కిందటేడు ఎన్ని క్వింటాళ్లు, గోదాము లేక ఎంత తక్కువకు అమ్ముకున్నారు, ఎంత అప్పు కావాలి, ఎప్పటికి తీరుస్తారు. ఈ సభలో అంకెలే మీ తరఫున మాట్లాడతాయి. "తాండూరు కంది అంటే ప్రపంచమంతా తెలుసు" అని మొదలుపెడితే మీ విలువైన మొదటి నిమిషం వృథా.

విషయం ఒకటే, మనిషి ఒకరే. మారింది వినేవాళ్లు. అందుకే మూడు ప్రసంగాలు పుట్టాయి. ఒకే ప్రసంగాన్ని జేబులో పెట్టుకుని ప్రతిచోటా తీసి చదివేవాళ్ల మాట ఎవరికీ అంటదు.

'అధ్యక్షా' నేర్పే పాఠం

శాసనసభ సమావేశాలు టీవీలో వచ్చేటప్పుడు ఒకసారి శ్రద్ధగా చూడండి. సభ్యులు ఎవరి మీద విరుచుకుపడుతున్నా మాట మాటకీ "అధ్యక్షా" అంటారు. సభలో ప్రసంగం స్పీకర్‌ను ఉద్దేశించే సాగాలన్నది చట్టసభల నియమం. మన వికారాబాద్ ఎమ్మెల్యే గడ్డం ప్రసాద్ కుమార్ గారు 2023 డిసెంబర్ 14న తెలంగాణ శాసనసభ స్పీకర్‌గా ఏకగ్రీవంగా ఎన్నికయ్యారు. ఆ రోజు నుంచి సభలో ఆ పిలుపు వికారాబాద్ ప్రతినిధికే చెందింది.

ఈ నియమంలో ఎంతో తెలివి ఉంది. ఎదుటి పక్షం ముఖంలోకి చూసి "నువ్వు ఇట్ల చేసినవ్" అంటే అది కొట్లాట. అదే మాటను అధ్యక్షుడికి చెబితే అది వాదన అవుతుంది. కోపం ఉంటుంది గాని దారి తప్పదు.

దీన్ని మీ ఊరి సభలోనూ వాడొచ్చు. గ్రామసభలో మీ మాటకు ఎవరో అడ్డొచ్చి గొంతు పెంచారనుకోండి. ఆ మనిషివైపు తిరగకండి. సభ నడిపిస్తున్న సర్పంచ్ గారి వైపు చూసి, "సర్పంచ్ గారూ, నా మాట ఇంకొక నిమిషంల అయిపోతది, చెప్పనియ్యండి" అనండి. సభను అదుపులో పెట్టే బాధ్యత ఆయనది. దాన్ని ఆయనకే గుర్తుచేశారు, మీ గొంతు మాత్రం పెరగలేదు. జనం అప్పుడు ఎవరి పక్కన ఉంటారో మీరే చూస్తారు.

గ్రామసభలో రెండు నిమిషాలు

తెలంగాణ పంచాయతీరాజ్ చట్టం, 2018 ప్రకారం గ్రామసభ రెండు నెలలకోసారైనా జరగాలి. ఊరి ఓటర్ల జాబితాలో పేరున్న ప్రతి ఒక్కరూ అందులో సభ్యులే. అక్కడ మాట్లాడటానికి ఎవరి దయా అక్కర్లేదు, అది మీ హక్కు. 2025 జనవరి 21 నుంచి 24 వరకు రాష్ట్రమంతటా జరిగిన గ్రామసభల్లో రైతు భరోసా, ఇందిరమ్మ ఇళ్లు, రేషన్ కార్డులు, ఇందిరమ్మ ఆత్మీయ భరోసా పథకాల ముచ్చటే నడిచింది. లబ్ధిదారుల జాబితాలో పేరు రానివాళ్లు తమ మాట చెప్పుకోవాల్సిన చోటు అదే.

అలాంటి సభలో ఇద్దరు లేచారనుకోండి. మొదటి ఆమె: "మాకు ఏది రాదు. ఎప్పుడూ ఉన్నోళ్లకే ఇస్తరు. మేము మనుషులం కాదా?" ఆ బాధ నిజమైనదే. కానీ అధికారి రాసుకోవడానికి అందులో ఏమీ లేదు.

రెండో ఆమె: "సార్, నా పేరు, మా ఆయన పేరు ఈ కాగితం మీద ఉన్నయి. ప్రజాపాలనల దరఖాస్తు ఇచ్చినం, రసీదు ఇగో. రేషన్ కార్డు జాబితాల మా పేరు లేదు. ఎందుకు రాలేదో చెప్పండి, ఇప్పుడు మళ్లీ దరఖాస్తు తీసుకోండి." కూర్చునే ముందు రసీదు జిరాక్స్ అధికారి చేతిలో పెట్టింది.

రెండో ఆమె మాట వినండి: తానెవరో, ఏం జరిగిందో, రుజువేంటో, ఏం కావాలో వరుసగా చెప్పింది. ఈ నాలుగు మెట్లు గుర్తుపెట్టుకుంటే గ్రామసభలోనే కాదు, సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజావాణిలోనూ పనికొస్తాయి. అక్కడ మీ వెనక వరుసలో చాలామంది ఉంటారు. మీకు దొరికేది కొద్ది క్షణాలే.

కనిపించని శ్రోతలు

కొన్ని సభల్లో మీ మాట వినాల్సిన అసలు మనిషి ఎదుట ఉండడు. సున్నపురాయి గనులు, సిమెంటు ఫ్యాక్టరీలు ఉన్న తాండూరు ప్రాంతానికి ఇది చాలా ముఖ్యం. పెద్ద గనికో, ఫ్యాక్టరీకో పర్యావరణ అనుమతి కావాలంటే, కేంద్రం 2006 సెప్టెంబర్ 14న ఇచ్చిన నోటిఫికేషన్ ప్రకారం చాలా ప్రాజెక్టులకు ప్రజాభిప్రాయ సేకరణ జరపాలి. కనీసం 30 రోజుల ముందు పత్రికల్లో ప్రకటన వేయాలి. జిల్లా కలెక్టర్ గాని ఆయన తరఫున అదనపు కలెక్టర్ స్థాయికి తగ్గని అధికారి గాని సభ నడపాలి. మొత్తం వీడియో తీయాలి. హాజరైనవాళ్లకు ప్రశ్నలు అడిగే అవకాశం ఇవ్వాలి. చివర్లో, ఎవరేం చెప్పారో సారాంశాన్ని స్థానిక భాషలో చదివి వినిపించాలి.

ఆ సభలో లేచి మాట్లాడేటప్పుడు ఎక్కువమంది కంపెనీ మనుషుల వైపో, తమవాళ్ల వైపో చూసి మాట్లాడతారు. చప్పట్లు పడతాయి. కానీ ఆ రోజు నిర్ణయం ఏదీ జరగదు. సభలో నమోదైన మాటలు అనుమతి ఇవ్వాలో వద్దో పరిశీలించే నిపుణుల సంఘం ముందుకు వెళ్తాయి. కాబట్టి మీ శ్రోత ఎక్కడో దూరాన ఆ కాగితం చదివే మనిషి. ఆయనకు మీ ఊరు తెలియదు, మీ గొంతులో బాధ వినపడదు. అక్షరాలే కనిపిస్తాయి.

అందుకే అక్కడ ఇలా మాట్లాడండి. మొదట పేరు, ఊరు నిదానంగా చెప్పండి. ఒక్కో విషయానికి నంబరు పెట్టండి: "నాది మూడు మాటలు. మొదటిది దుమ్ము, రెండోది బోరు నీళ్లు, మూడోది లారీలు." తర్వాత ఒక్కోదానికి కొలత చెప్పండి: బడి గనికి ఎంత దూరంలో ఉంది, బోరు ఎన్ని అడుగుల లోతు, నీళ్లు ఏ నెలలో ఎండిపోతాయి. ప్రాజెక్టు నివేదిక సారాంశం తెలుగులోనూ దొరకాలి, ముందే తెప్పించుకుని చదివి, "ఫలానా పేజీలో ఇట్ల రాసిండ్రు, మా ఊర్ల పరిస్థితి ఇది" అనండి. మీరు ప్రాజెక్టును కోరుకునేవాళ్లైనా ఇదే పద్ధతి: ఎన్ని ఉద్యోగాలు, ఎవరికి, ఏ చదువుకు, ఎప్పటిలోగా అని అడగండి. మాట్లాడిందే రాతపూర్వకంగా కూడా ఇవ్వండి. సారాంశం చదివి వినిపించేదాకా వెళ్లిపోకండి. మీ మాట అందులో లేకపోతే వెంటనే లేచి చెప్పండి.

ఏ భాషలో?

తాండూరు, బషీరాబాద్ వైపు సభ పెడితే తెలుగు, ఉర్దూ, కన్నడ, లంబాడీ మాట్లాడేవాళ్లు ఒకే షామియానా కింద కూర్చుంటారు. పక్కనే కర్ణాటక. వినేవాళ్ల భాషలో ఒక్క పలకరింపు, ఒక్క వాక్యం నేర్చుకుని వెళ్లండి. తండాలో మహిళా సంఘం సమావేశం అయితే ముఖ్యమైన మాటను వాళ్ల భాషలో మళ్లీ చెప్పే ఒక అక్కను ముందే పక్కన కూర్చోబెట్టుకోండి.

మీ మాటతీరును మాత్రం మార్చుకోకండి. స్టేజీ ఎక్కగానే పేపరు తెలుగులోకి మారి "మిమ్మల్ని ఉద్దేశించి ప్రసంగించుటకు అవకాశం కల్పించినందుకు" అని మొదలుపెట్టేవాళ్లు రెండో వాక్యానికే తడబడతారు. అది వాళ్లు రోజూ వాడే భాష కాదు. "నాకు మాట్లాడే అవకాశం ఇచ్చిండ్రు, అందరికీ నమస్తే" అనండి. మీ ఇంటి యాస సభలో పనికిరాదన్న మాటను నమ్మకండి. తెలంగాణలో జనాన్ని కదిలించిన ఉపన్యాసాలెన్నో ఈ యాసలోనే నడిచాయి.

ఇంగ్లీషులో మాట్లాడాల్సి వస్తే

కాలేజీ సెమినార్లో, ఉద్యోగం ఇంటర్వ్యూలో, రోటరీ క్లబ్ సమావేశంలో ఇంగ్లీషు తప్పదు. స్టేజీ మీద వినిపించే కొన్ని జంట మాటలను ఉన్నవి ఉన్నట్టుగా నోటికి పట్టిస్తే చాలా ధైర్యం వస్తుంది. వాటిని విడగొట్టి మన వ్యాకరణం అతికిస్తేనే తప్పులు దొర్లుతాయి.

మన ఫంక్షన్లలో తరచూ వినేది 'అడ్రస్ ది గ్యాదరింగ్'. "సభను ఉద్దేశించి మాట్లాడటం" అని మనసులో పెట్టుకుని చాలామంది 'అడ్రస్ టు ది గ్యాదరింగ్' అంటారు. ఆ 'టు' అక్కర్లేదు. యాంకరింగ్ చేసేవాళ్లు ఇలా అనొచ్చు: "ఐ రిక్వెస్ట్ అవర్ చీఫ్ గెస్ట్ టు అడ్రస్ ది గ్యాదరింగ్." విదేశాల్లో ఉన్నవాళ్లతోనో, కంపెనీ సమావేశంలోనో అయితే 'గ్యాదరింగ్' బదులు 'ఆడియన్స్' వాడండి.

ఇది పెద్దలను ఆహ్వానించేటప్పుడు వాడే మర్యాద మాట. మీ గురించి మీరే "ఐ విల్ అడ్రస్ ది గ్యాదరింగ్" అంటే కాస్త గొప్పగా ఉంటుంది. "ఐ వుడ్ లైక్ టు స్పీక్ అబౌట్ తాండూర్ రెడ్‌గ్రామ్" అనండి.

'స్పీచ్' పక్కన 'గివ్', 'మేక్', 'డెలివర్' ఇమడతాయి. 'గివ్ ఎ స్పీచ్' మామూలు మాట, 'డెలివర్ ఎ స్పీచ్' లాంఛనంగా ఉంటుంది. 'టెల్ ఎ స్పీచ్', 'సే ఎ స్పీచ్' అనకూడదు. స్పీచ్ ఫలానా విషయం 'ఆన్' ఇస్తారు. చివర్లో ధన్యవాదాలు చెప్పేవారిని "ప్రపోజ్ ది వోట్ ఆఫ్ థ్యాంక్స్" అంటూ వేదిక మీదికి పిలుస్తారు.

ఇంటర్వ్యూలో "హావ్ యు ఎవర్ అడ్రస్డ్ ఎ లార్జ్ ఆడియన్స్?" అని అడిగితే కాలేజీ పోటీల్లో మాట్లాడలేదని బాధపడకండి. "యెస్ సర్, ఐ గేవ్ ఎ షార్ట్ స్పీచ్ ఆన్ డ్రింకింగ్ వాటర్ ఇన్ అవర్ గ్రామ సభ" అని చెప్పగలిగితే అంతకంటే మంచి జవాబు ఉండదు. మీరు నిజంగా మాట్లాడి ఉండాలి, అంతే.

నిలబడ్డాక

మొదటి వాక్యం, చివరి వాక్యం మాత్రమే బట్టీ పట్టండి. మధ్యలోవి నాలుగు మాటలుగా చీటీ మీద రాసుకోండి. మైకు గడ్డానికి కాస్త కిందుగా, నోటికి నాలుగు వేళ్ల దూరంలో పట్టుకోండి. మొదటి మాటకు ముందు ఒకసారి ఊపిరి నిండుగా తీసుకుని వదలండి. వేదిక మీద ఉన్న ప్రతి పెద్దమనిషి పేరూ చదవకండి, "వేదిక మీది పెద్దలకు, ఊరి జనానికి నమస్తే" అంటే అందరూ అందులో ఉన్నారు. జనంలో మీరు చెప్పేది చేయగలిగిన మనిషిని వెతికి, ముఖ్యమైన మాట ఆయన కళ్లలోకి చూసి చెప్పండి. మాట మరిచిపోతే ఆగండి, చీటీ చూడండి, మళ్లీ మొదలుపెట్టండి. ఆ కొద్దిపాటి మౌనం మీకే పెద్దగా అనిపిస్తుంది, వినేవాళ్లు పట్టించుకోరు.

ఈ వారం సాధన

1. మీ ఊరి, మీ వాడకట్టు సమస్య ఒకటి ఎంచుకోండి. పైన చెప్పిన మూడు ప్రశ్నలకు జవాబులు రాయండి.

2. దాన్ని రెండు నిమిషాల్లో చెబుతూ ఫోన్‌లో రికార్డు చేయండి. తర్వాత వినండి. "ఏం కావాలి" అన్నది ఎన్నో వాక్యంలో వచ్చిందో చూడండి. బాగా ఆలస్యంగా వచ్చి ఉంటే దాని ముందున్న మాటలు తగ్గించండి.

3. అదే విషయాన్ని ఒకసారి ఇంట్లో పిల్లలకు, ఒకసారి ఊరి పెద్దకు చెప్పండి. మాటలు మారకపోతే మీరు ఇంకా వినేవాళ్లను చూడటం లేదని అర్థం.

4. పంచాయతీ కార్యాలయానికి వెళ్లి తర్వాతి గ్రామసభ ఎప్పుడో అడిగి తేదీ రాసుకోండి. ఆ రోజు లేచి రెండు నిమిషాలు మాట్లాడండి. ఒక్కసారి మాట్లాడినవాళ్లకు రెండోసారి లేవడం తేలికవుతుంది. ఊళ్లో అలా లేచేవాళ్లు పెరిగేకొద్దీ, ఆ ఊరి మాటను పక్కన పెట్టడం ఎవరికైనా కష్టమవుతుంది.